దగ్గరలో ఎవరూ లేరు

చిట్యాలలో మా సంఘానికి 'ఉప్పు లేని చర్చి' అని పేరు. హైవే పక్కన రేకుల షెడ్డు, పదహారు కుటుంబాలు. చప్పట్లు ఉండవు, స్వస్థత సభలు ఉండవు. ఐదు వందల ఏళ్ల కింద యూరప్‌లో సంఘాన్ని వాక్యం ప్రకారం దిద్దుకున్నవాళ్ల వరుస మాది, సంస్కరణ సంఘం అంటారు. ఈ సంగతి ఎంత వివరంగా చెప్పినా ఊళ్లో తక్కిన పాస్టర్లు టీ తాగుతూ తల ఊపేవారే తప్ప, క్రిస్మస్ ర్యాలీకి ఒక్కసారీ పిలవలేదు. పిలిచినా పోయేవాణ్ణి కాదు. అయినా పిలవలేదన్న బాధ ఉండేది.

"మీకు ఏసయ్య తప్ప ఇంకొక సోపతి లేదు. మీతోని ఆయన గూడ ఎట్ల యేగుతుండో" అనేది నా భార్య.

ఒక సోపతి ఉండేవాడు, ఆలేరులో. బైబిల్ కాలేజీలో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. నాకన్నా రెండేళ్లు పెద్ద. నేను 'అన్నా' అనేవాణ్ణి, ఆయన 'తమ్మీ' అనేవాడు. పిల్లలకు విశ్వాసం నేర్పడానికి ప్రశ్నలూ జవాబులుగా ఉండే పుస్తకాన్ని ఇద్దరం కూర్చుని తెలుగులోకి రాసుకున్నాం. మొదటి సగం నా చేతిరాత, మిగతా సగం ఆయనది. ఇప్పటికీ మా సంఘంలో పిల్లలు దాన్నే వల్లె వేస్తారు.

మా ఇద్దరినీ విడగొట్టింది ఒక డోలక్. ఆరాధనలో దావీదు కీర్తనలే పాడాలి, వాయిద్యం ఉండకూడదు అని నా పట్టు. ఆయన తన సంఘానికి డోలక్ తెచ్చాడు.

"ఒక్క డోలక్ తమ్మీ. గొర్లు కాసేటోళ్లను వట్టిగ పాడుమంటె ఎట్ల పాడుతరు?" అన్నాడు.

"ఇయ్యాల డోలక్, రేపు డ్యాన్సు" అన్నాను.

నా నోరే అంత. ఆయన లేచి బస్సెక్కాడు. ఆ తర్వాత పదకొండేళ్లు మాటల్లేవు. ఆయన సంఘం వాళ్లు కొందరు చిట్యాలలో చుట్టాల ఇంటికి వచ్చినప్పుడు మా దగ్గర ప్రభువు బల్లకు కూర్చునేవారు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవారు. దానికీ ఒక నియమం పెట్టాను. బయటి సంఘం వాళ్లు తమ పెద్దల ఉత్తరం తేవాలి, ఆ ఉత్తరాన్ని మా పెద్దలు శనివారం నాటికే చూడాలి. పేరుకు అందరికీ నియమం, అసలు ఆలేరు వాళ్ల కోసం పెట్టింది.

తెలంగాణ వచ్చి, పాత జిల్లాలను ముక్కలు చేసిన కొత్తలో ఒక విదేశీ సంఘం ద్వారా నాకు పిలుపు వచ్చింది. దేశదేశాల సంస్కరణ సంఘాలు నాలుగేళ్లకోసారి కలుసుకునే సభ. అందులో చేరితే మేము వాళ్లకు సోదర సంఘం అవుతాం. ఒకరి ఉత్తరం ఒకరి దగ్గర చెల్లుతుంది, ఒకరి బల్ల దగ్గర ఒకరికి చోటుంటుంది. ఈ భూమ్మీద నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారని, వాళ్లు నన్ను తమవాడు అంటారని ఎంత ఆశ పడ్డానో చెప్పలేను. ముందు ఒక ఫారం నింపాలి. అందులో ఒక ప్రశ్న: మీకు దగ్గరలో ఇదే విశ్వాసం గల సంఘాలు ఉన్నాయా? ఉంటే వాటితో మీ సంబంధం ఎలా ఉంది?

ఆలేరు కొత్త జిల్లాలోకి పోయింది, చిట్యాల నల్లగొండలోనే మిగిలింది. 'మా జిల్లాలో ఎవరూ లేరు' అని రాశాను. జిల్లాలు విడగొట్టడం వల్ల ఎవరికి ఏం లాభమైందో గానీ, నాకు ఆ పూట బాగా అక్కరకొచ్చింది.

సభ జరిగిన దేశంలో చలి ఎముకలు కొరికేది. పెద్ద హాలు, దేశాల పేర్లున్న బల్లలు. ఇంకా చేరనివాళ్లకు వెనక వరసలో కుర్చీలు. మొదటి రోజు టీ దగ్గర తల తిప్పితే ఆలేరు అన్న, మెడకు మఫ్లర్ చుట్టుకుని, కప్పు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన్ను ఇంకో సంఘం పిలిచిందట.

"బాగున్నరా అయ్యగారూ" అన్నాడు. 'తమ్మీ' అనలేదు. నేనూ 'బాగున్న' అని చెప్పి నా కుర్చీకి వచ్చేశాను. హాలు నిండా మనుషులున్నారు, తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరమే, ఇద్దరం ఇంగ్లీషు విన్నాం.

మూడో రోజు ఒక దేశం నుంచి వచ్చిన రెండు సంఘాలవాళ్లు వేదిక ఎక్కారు. తాతల కాలంలో విడిపోయారట, ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకుని, కలిసి కూర్చుని, ఇప్పుడు మళ్లీ ఒకటయ్యామని చెప్పారు. అందరూ లేచి కీర్తన పాడారు. రెండు కుర్చీల అవతల ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

ఆ మధ్యాహ్నం కమిటీ మా ఇద్దరినీ ఒకే గదిలోకి పిలిచింది. ఒక ముసలాయన రెండు ఫారాలు పక్కపక్కన పెట్టి మా వైపు తిప్పాడు. అన్న ఫారంలోనూ అదే రాసి ఉంది: 'మా జిల్లాలో ఎవరూ లేరు.'

మీరిద్దరూ ఒకరికొకరు తెలుసా అని అడిగాడు ముసలాయన. తెలుసన్నాం. ఎంత దూరంలో ఉంటారని అడిగాడు. రెండు బస్సులు అన్నాను. ఆయన కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. మీరు ఒకరినొకరు చేర్చుకోకుండా మేము మిమ్మల్ని ఎలా చేర్చుకుంటాం, ముందు ఒక బల్ల దగ్గర కూర్చోండి, వచ్చే సభకు మళ్లీ అడగండి అన్నాడు.

వచ్చేటప్పుడు శంషాబాద్‌లో సామాన్ల దగ్గర ఆయనే పలకరించాడు. "నేనే ముందొస్త తమ్మీ, మీ బల్లకాడికి. ఫికర్ చెయ్యకు." ఆ 'తమ్మీ' వినడానికి పదకొండేళ్లు పట్టింది.

రెండు నెలలకు వచ్చాడు, మేము బల్ల ఆచరించే ఆదివారం, ఆరాధనకు పది నిమిషాల ముందు. చేతిలో కవరు. నియమం ప్రకారం అది శనివారమే రావాలి. అంతకు ముందు ఆచరణలో, ఉత్తరం ఆలస్యమైందని వేరే ఊరి నుంచి చుట్టాలింటికి వచ్చిన ఒక ముసలవ్వను నేను బల్లకు రానివ్వలేదు. ఆ అవ్వ ఆ రోజు కూడా ముందు వరసలోనే ఉంది. మా సంఘ పెద్ద నా ముఖం చూశాడు. "మీరెట్ల చెప్తె గట్ల, అయ్యగారూ."

అవ్వకు క్షమాపణ చెప్పి, ఆయనకు రొట్టె ఇచ్చి, నియమం తప్పని ఒప్పుకుంటే అయిపోయేది. ఒప్పుకోవడమే నాకు చేతకాలేదు. "ఈసారికి ఊరికే కూర్చోండన్నా, వచ్చేసారి చూద్దాం" అన్నాను. రొట్టె పళ్లెం ఆయన్ను దాటి పక్కవాళ్లకు పోయింది. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, అన్నం తినిపోండ్రి" అంది నా భార్య గుమ్మంలో.

"ఆకలి లేదమ్మా" అని చెప్పి వెళ్లిపోయాడు.

కవరు సాయంత్రం విప్పాను. మా పుస్తకం రెండో సగంలో ఉన్న అదే చేతిరాత. మా సహోదరుణ్ణి మీ బల్ల దగ్గర చేర్చుకోండి అని, కింద ఆయన సంఘ పెద్దల సంతకాలు. దాని కింద ఒక వాక్యం: డోలక్ సంగతి మీరు ఎట్లా చెబితే అట్లా చేయడానికి మా సంఘం ఒప్పుకుంది.

ఫోన్ చేసి తప్పైందన్నాను. "పర్వాలేదు అయ్యగారూ" అన్నాడు. వస్తానన్నాను, రమ్మన్నాడు. వచ్చే నెల, వచ్చే నెల అనుకుంటుండగానే కరోనా వచ్చింది, అన్నీ మూసేశారు. తెరిచాక రెండు బస్సులు మారి ఆలేరు పోయాను. ఆయన సంఘం కూడే హాలులో ఫర్నిచర్ షాపు పెట్టారు. సంఘంవాళ్లు తలో చర్చికి పోయారని, పాస్టరయ్య నారాయణపేటలో కూతురింట్లో ఉంటూ అల్లుడి చీరల కొట్లో కూర్చుంటున్నాడని షాపతను చెప్పాడు. అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"మాది అయిపోయింది. మీరు మంచిగ నడుపుకోండ్రి" అన్నాడు.

మొన్న మళ్లీ ఫారం వచ్చింది. అదే ప్రశ్న. నేను రాస్తుంటే నా భార్య పక్కన నిలబడి చూసింది.

"ఏం రాసిండ్రు?"

"దగ్గరలో ఎవరూ లేరని."

"మళ్ల అబద్ధమేనా?"

"కాదు" అన్నాను. "ఈసారి నిజమే."