బావ వేసిన అతుకు

నా కుడిచేతి వేళ్ల కొసలు నున్నగా, గీతల్లేకుండా ఉంటాయి. కొత్తవాళ్లెవరైనా చూసి అడిగితే మా ఆవిడ నాకంటే ముందే జవాబు చెప్పేది. వాళ్లక్కను కాపాడబోయి కాల్చుకున్నారు అని. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం ఉండేది. నేను తల దించుకునేవాణ్ని. దాన్ని నా వినయం అనుకునేవారు. ఇన్నేళ్లుగా నేను మోసింది ఆ గర్వాన్ని. దానికంటే బరువైనది నా జీవితంలో ఇంకేదీ మోయలేదు.

నేను అక్కను కాపాడలేదు.

ఈ ఒక్క వాక్యం రాయడానికి ఎన్నిసార్లు కూర్చుని లేచానో. రాశాను కాబట్టి మిగతాది కూడా చెప్పగలనేమో. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. పేరు రాస్తే నా పేరుతో పాటు అక్క పేరు కూడా పదిమంది నోళ్లలో పడుతుంది. ఆమెకు నేను చేసింది చాలు.

మాది కంబదూరు దగ్గర ఒక పల్లె. వానొస్తే వేరుశనగ, రాకపోతే బెంగుళూరు కూలి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన పొలం నుంచి వచ్చేదాకా నాకు అన్నీ అక్కే. ఒకరోజు నేను ఏడుపు మానకపోతే జొన్నదంటు బెండు చీల్చి పడవ చేసింది. దాని నెత్తిన అగ్గిపుల్ల గుచ్చి, "ఇది పొగ గొట్టం. ఇది ఆవిరి పడవ" అంది. బావి దగ్గర ఎద్దులు నీళ్లు తాగే తొట్టిలో వదిలి ఊదింది. ఆమె కూడా నిజం పడవను ఎప్పుడూ చూడలేదు. బడి పుస్తకంలో బొమ్మ చూసిందంతే. నా పిచ్చి అక్కడ మొదలైంది.

బ్యాంకులో ఉద్యోగం వచ్చాక మొదటి సెలవుకు తిరుపతి పోతానని చెప్పి కలకత్తా వెళ్లాను. హుగ్లీ ఒడ్డున ఒక ముసలి చక్రాల స్టీమరును గొలుసులతో కట్టేసి ఉంటే, దాని ఎదురుగా రోజంతా కూర్చున్నాను. తర్వాత రాజమండ్రికి బదిలీ అడిగి మరీ వెళ్లాను. సాయంత్రాలు గోదావరి గట్టున ముసలి సరంగుల పక్కన చేరి వాళ్లు నడిపిన లాంచీల సంగతులు అడిగేవాణ్ని. పెళ్లిచూపుల్లో కూడా స్టీమర్ల గురించే మాట్లాడానని మా ఆవిడ ఎప్పుడూ నవ్వేది. బ్యాంకులో నన్ను స్టీమరు సారు అనేవారు. నీళ్లే లేని జిల్లాలో పుట్టినవాడికి ఈ పిచ్చేమిటని వెనకాల ఆశ్చర్యపోయేవారు. నీళ్లు లేని చోట పుట్టాను కాబట్టేనని నాకు తెలుసు.

ఉద్యోగం చివరికొచ్చేసరికి కళ్యాణదుర్గంలో మేనేజరునయ్యాను. అక్క, బావ అదే ఊళ్లో ఉండేవారు. వాళ్లకు పిల్లలు లేరు. బావకు లేతు మిషను, వెల్డింగు షాపు ఉండేవి. బోరు మోటార్లు, ట్రాక్టరు ట్రాలీలు బాగుచేసేవాడు. ఆయన అతికితే మళ్లీ ఊడదని ఆ చుట్టుపక్కల పేరు.

ఆ ఏడు వానలు తెరిపి లేకుండా కురిశాయి. కుందుర్పి వైపు, నాకు తెలిసి ఎప్పుడూ ముళ్లకంప తప్ప ఇంకేమీ లేని ఒక చెరువు నిండింది. ఆ నీళ్లను చూడడానికి జనం ఆటోల్లో వచ్చారు. ముసలివాళ్లు కట్ట మీద నిలబడి దండం పెట్టారు. నేను చూసి, నేరుగా బావ షాపుకు వెళ్లాను. ఆవిరి పడవ చేద్దామంటే ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

"పడవా? మన సీమలోనా? తిక్క గాని పట్టిందా అప్పా నీకు?"

నవ్వుతూనే ఒప్పుకున్నాడు. బోరుబావిలో దించే మందపాటి ఇనప గొట్టం ముక్క తీసుకుని రెండు వైపులా రేకు బిళ్లలు వేసి అతికాడు. అదే మా బాయిలరు. రేకు పడవ, నీళ్లను తోసే చక్రం కూడా ఆయనే చేశాడు. ఆవిరి ఎక్కువైతే తనంతట తాను తెరుచుకుని బయటికి వదిలే వాల్వు ఒకటి దాని మీద బిగించాడు. "ఇది బుస్సుమంటే అననీ. దీని జోలికి మాత్రం పోవద్దు" అన్నాడు. సరేనన్నాను.

పడవ దించిన రోజు అక్కను ఎక్కమని బతిమాలింది నేనే. ఆమె భయపడింది. నువ్వు మొదలుపెట్టిన పడవ ఇది, నువ్వు ఎక్కకపోతే ఎట్లా అన్నాను. కొత్త చీర కట్టుకుని వచ్చి బాయిలరు వెనక పలక మీద కూర్చుంది. బావ గట్టున నిలబడ్డాడు. చక్రం తిరిగింది. పడవ కదిలింది. ఆ క్షణం ఎలా ఉండిందో మీకు చెప్పలేను. ఇప్పుడు ఆ సంతోషాన్ని తలుచుకునే హక్కు కూడా నాకుందో లేదో తెలియదు.

చెరువు మధ్యకొచ్చాక ఎదురుగాలి లేచింది. వాల్వులోంచి ఆవిరి బుస్సున పోతూ ఉంది, చక్రం మెల్లబడింది, పడవ నిలిచిపోయింది. కట్ట మీద ఎవరో ఈల వేశారు. "సారు పడవ సచ్చిపాయ" అని ఒక గొంతు, నలుగురి నవ్వు. అంతే జరిగింది. ప్రాణం మీదికి వచ్చిందేమీ లేదు. నవ్వారు, అంతే. పనిముట్ల సంచిలోంచి ఇనప తీగ తీసి వాల్వు తెరుచుకోకుండా కట్టేశాను. అక్క అటు తిరిగి నీళ్లలో చెయ్యి పెట్టి ఆడుకుంటూ ఉంది. చూడలేదు.

పడవ పరిగెత్తింది. కట్ట మీద నవ్వులు కేకలయ్యాయి. అక్క చిన్నపిల్లలా, "పోతాండాది రా, పోతాండాది!" అని అరిచింది. నేను ముందువైపు చుక్కాని తాళ్లు పట్టుకుని గట్టు వైపు చెయ్యి ఊపుతున్నాను. వెనక చప్పుడు. అక్క కూర్చున్న వైపు బిళ్ల ఊడి, ఆవిరంతా ఆమె ముఖం మీద పడింది.

ఇక్కడే నేను ఆగిపోతాను. ప్రతిసారీ ఇక్కడే.

అక్క నన్నే పిలుస్తూ ఉంది. చేతులు చాపి గాలిలో వెతుకుతూ ఉంది. నేను ఆమె దగ్గరికి వెళ్లలేదు. ముందు ఆ తీగ విప్పాను. ఇనుము కాలుతూ ఉంది, వేళ్లు అతుక్కుపోతున్నాయి, అయినా మెలిక తర్వాత మెలిక విప్పి నీళ్లలో పారేశాను. ఆ తర్వాతే అక్క వైపు తిరిగాను. ఎందుకు? భయపడ్డానని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. భయపడినవాడి చేతులు వణకాలి కదా? నావి వణకలేదు. నాలో అంత నింపాదిగా ఆలోచించినవాడు ఎవడు? వాణ్ని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత అద్దంలో రోజూ చూస్తున్నాను.

అనంతపురం ఆసుపత్రి వరండాలో బావ నా పక్కన నేల మీద కూర్చున్నాడు. లోపల డాక్టరు అప్పుడే చెప్పాడు, రెండు కళ్లూ పోయాయని. బావ చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"నా అతుకే ఇడిసిందా అప్పా? నువ్వు దగ్గరుండి చూసినావు గదా."

"అవును బావా. అతుకే ఇడిసింది."

"గట్టిగా పోసినానే ఆడ. వాల్వు పలకలేదా?"

"పలుకుతానే ఉండె. అతుకు ఆగలేదు."

ఆయన తల గోడకు కొట్టుకున్నాడు. నేను పట్టుకుని ఆపాను. కట్టు కట్టిన చేతితోనే.

అతుకు విడిచిన మాట నిజమే. ఎందుకు విడిచిందో దాచాను. సగం నిజంతో అప్పు అడగడానికి నా ఎదుట కూర్చునే మనుషుల్ని పసిగట్టడమే నా ఉద్యోగం. ఎంతమందిని ఆ కుర్చీలోంచి లేపి పంపాను! నా మాటను మాత్రం ఎవరూ తరచి చూడలేదు. మేనేజరు సారు చెప్పాడంటే అంతే కదా.

బావ మళ్లీ వెల్డింగు ముట్టుకోలేదు. ముట్టుకున్నా పని ఇచ్చేవాళ్లు లేరు. పెండ్లాం కండ్లు తీసిన చెయ్యి అని బజారులోనే అన్నారు. లేతు అమ్మేసి ఒక గోడౌనుకు కాపలా పనికి కుదిరాడు. పొద్దున్నే వంట చేసి, అక్క తల దువ్వి జడ వేసి, చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి, అప్పుడు పనికి పోయేవాడు. నేను మందులు తెచ్చేవాణ్ని, ఇంటికి కావలసినవి చూసేవాణ్ని. "ఇంత పాపం చేసినోడికి ఇంత చేస్తాండావే అప్పా" అని ఒకసారి నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఓదార్చాను. ఓదార్చడం నాకు అలవాటైపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది అడక్కపోయినా చెప్పాలి. అంత జరిగాక కూడా నా పడవల పిచ్చి పోలేదు. తలుపు వేసుకుని ఫోనులో స్టీమర్ల వీడియోలు చూస్తాను. చక్రం నీళ్లను కొట్టే చప్పుడు వింటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నన్ను నేను అసహ్యించుకుంటూనే చూస్తాను.

పోయిన ఎండాకాలం బావకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆఖరి రోజున నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను. ఆయన అక్క చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"నీ బతుకు నేనే చెడగొట్టినా. మన్నించే."

"ఎప్పుడో మన్నించినా. మాట్లాడాకు, ఆయాసమొస్తాది" అంది అక్క.

ఆ గదిలో మేము ముగ్గురమే ఉన్నాం. అడ్డం వచ్చేవాళ్లు లేరు. ఆయనకు స్పృహ ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఆ మనిషి తేలికగా పోయేవాడు. ఇప్పుడు చెబితే ఇద్దరి గుండెలూ పగులుతాయేమో అనుకున్నాను. లేదు, అలా అనుకోలేదు. అలా అనుకున్నానని తర్వాత కల్పించుకున్నాను. నోరు రాలేదు. ఆయన పాదాలు నిమురుతూ కూర్చున్నాను. చేయని తప్పుకు మన్నింపు అడుక్కుని బావ పోయాడు.

దినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం అక్క గడప దగ్గర కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ ఉంటే చెప్పాను. అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"తీగ ఎప్పుడు విప్పినావు? నేను పిలుస్తాన్నప్పుడా?"

"అవునక్కా."

"ఆయప్ప మన్నించమని అడుగుతాంటే నువ్వు ఈన్నే ఉండావు గదా."

ఉన్నానన్నాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది.

"ఇంగ పో."

రెండు రోజులకు ఆమె పక్కింటావిడ భుజం పట్టుకుని బజారుకు వచ్చింది. బావ షాపు ఉన్న వీధిలో ప్రతి కొట్టు ముందూ నిలబడింది. మోటార్లు చుట్టేవాళ్లకు, ట్రాలీలు చేసేవాళ్లకు, ఎరువులమ్మే వాళ్లకు ఒకే మాట చెప్పింది. నా మొగుని అతుకు మంచిదే, నా తమ్ముడు ఆవిరికి దోవ లేకుండా కట్టేసినాడు, నా మొగుని చేతుల్లో తప్పు లేదు. కొందరు ఆమెకు మతి చెడిందనుకున్నారట. అయినా ఆగలేదట. చివరి కొట్టు దాకా పోయిందట.

మరునాడు నేను ఆ వీధిలోకి వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. టీ కొట్టతను గ్లాసు ఇవ్వబోయి ఆగాడు. చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు తిరిగారు.

"సార్, అక్కయ్య ఏందేందో చెప్తాండాది. మేమైతే నమ్మలేదు. నిజం కాదు గదా సార్?"

కాదని తల ఊపితే చాలు. అందరూ అదే వినాలనుకుంటున్నారు. నా మాటకు ఇంకా అక్కడ అంత విలువ ఉంది.

"నిజమే" అన్నాను. "ఆమె చెప్పిందంతా నిజమే. మా బావ తప్పేమీ లేదు."

అతను టీ గ్లాసు తీసి వెనక్కి పెట్టుకున్నాడు. నేను ఎండలో ఇంటిదాకా నడిచి వచ్చి, మా ఆవిణ్ని పిలిచి కూర్చోబెట్టి, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.