బొత్తాల డబ్బాలో నట్టు

ఏ బట్ట చేతికొచ్చినా దర్జీ ముందు దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. కొత్త కోటైనా అంతే, పాత దిండు గలీబైనా అంతే. పైకుట్టు ఎవరికైనా వస్తుందని ఆమె మాట.

ఆమె కూతురికి పదేళ్ళు. సాయంత్రాలు వీధి చివరి సిమెంటు వాలు మీద తోటి పిల్లలతో స్కేట్‌బోర్డు తొక్కి, రోజూ మోకాలు చించుకొని వస్తుంది. తల్లి అతుకు మీద అతుకు వేస్తుంది.

ఒకరోజు ఎదురింటావిడ కొలతలివ్వడానికి వచ్చి పిల్లను చూసింది.

"ఊరందరి చిరుగులూ కుడతావు గానీ అక్కా, నీ పిల్ల మోకాళ్ళు మాత్రం గాలికొదిలేశావు."

దర్జీ నవ్వింది. ఆవిడ వెళ్ళాక మాత్రం ఆ మాటే పదేపదే తలుచుకుంది.

మర్నాడు పిల్ల బడికి వెళ్ళాక ఆమె బోర్డు తిరగేసి, కుట్టు మిషను పానాతో ఒక చక్రం నట్టు విప్పి బొత్తాల డబ్బాలో వేసింది. ఒక్క దారం లాగితే కుట్టంతా ఊడినట్టు, బోర్డు ఎత్తగానే చక్రం ఊడి పడుతుందని, పాడైందనుకొని పిల్ల దాన్ని మూల పడేస్తుందని ఆమె అనుకుంది. ఎత్తినప్పుడు చక్రం ఊడలేదు. ఆ సాయంత్రం వాలు సగం దిగాక ఊడింది.

కబురు విని దర్జీ వాలు దగ్గరికి పరుగెత్తింది. ఆ పిల్లలకు ఒక పద్ధతి ఉంది. పడ్డవాళ్ళు లేచి నిలబడి, ఎందుకు పడ్డారో తామే చెప్పాలి. విన్నవాళ్ళు నవ్వకూడదు. ఆమె వెళ్ళేసరికి కూతురు మణికట్టు పట్టుకొని నిలబడి ఉంది.

"ఎక్కేముందు నట్లు చూసుకోలేదు. తప్పు నాదే."

తల్లి ఊడిన చక్రం ఏరుకొని, పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

కట్టు కట్టించుకొని ఇంటికొచ్చాక పిల్ల గడప దగ్గర, మంచం కింద వెతికింది. ఎక్కడ పడేసుకున్నానో అని తననే తిట్టుకుంది.

"నట్టు నీకేమైనా కనబడిందా అమ్మా?"

"లేదు."

తర్వాత ఆమె కూతురి ముఖం చూడలేకపోయింది. చిరిగిన పంట్లాం తీసుకొని, అలవాటుగా తిరగేసింది. లోపల అన్నీ తన చేతి కుట్లే. సూదిలోకి దారం ఎక్కలేదు.

మర్నాడు సెలవు. పొద్దున్నే కూతురి వెనకే వాలు దగ్గరికి వెళ్ళి, పడ్డవాళ్ళు నిలబడే చోట నిలబడింది. పిడికిలి విప్పింది.

"ఇది తీసింది నేను. నలుగురూ నవ్వుతారని తీశాను. నిన్న అడిగితే లేదన్నాను."

ఎవరూ నవ్వలేదు. కూతురు ఆమెకేసి చూడలేదు. బోర్డును మాత్రం కాలితో ఆమె వైపు జరిపింది. దర్జీ దాన్ని తిరగేసి, చక్రం ఎక్కించి, వెంట తెచ్చిన పానాతో నట్టు బిగించింది. మిగిలిన మూడూ చూసింది.