రెండుసార్లు కాల్చిన బిస్కెట్టు

పోయిన సోమవారం పొద్దున మాచర్ల బస్టాండు పక్కన, కోటయ్య టీకొట్లో, రిటైరైన ఇంగ్లీషు మాస్టారు నాగభూషణరావుగారు ఒక బిస్కెట్టును టీలో ముంచకుండా కొరికారు. బిస్కెట్టు విరగలేదు. కిందటి నెలే కట్టించుకున్న ముందుపన్ను అందులో దిగబడి, దాంతోపాటే బయటికి వచ్చింది. మాస్టారు రెంటినీ రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, మిగతా టీ తాగారు.

కోటయ్య చూడనే చూశాడు. అప్పుడే బిస్కెట్ల డబ్బా తెచ్చిన హజ్రా బీ మీదికి లేచాడు.

"ఏంది హజ్రక్కా, బిస్కెట్లా గులకరాళ్ళా? రేపట్నించి మెత్తగా చెయ్యి. లేకపోతే ప్యాకెట్లు తెచ్చుకుంటా."

ఆమె సరుకంతా పోయేది ఆ ఒక్క కొట్టుకే. అయినా, "ఒక్కసారి కాల్చి మాత్రం ఇయ్యను" అనేసి వెళ్ళిపోయింది.

తన పన్ను వల్ల ఆమె బేరం పోతుందేమోనని మాస్టారికి మనసు పీకింది. ఒక్కసారేమిటి, రెండుసార్లేమిటి అని సందేహమూ పీకింది. మధ్యాహ్నం ఆమె బట్టీ దగ్గరికే వెళ్ళారు. పొద్దున కాల్చి చల్లార్చిన బిస్కెట్లను, వేడి నెమ్మదించిన బట్టీలోకి మళ్ళీ తోస్తోంది హజ్రా బీ. ముప్పై ఏళ్ళుగా అదే పని.

"మా అత్త నేర్పింది. ఈ రెండోసారి లేకపోతే తడి పోదు, టీలో తెగి పడుద్ది. అట్టాంటిది బిస్కెట్టేంది మాస్టారూ?"

ఇంటికెళ్ళి లావుపాటి నిఘంటువు తెరిచారాయన. 'బిస్కెట్' స్పెల్లింగులో, రాసినా పలకని 'యు' మరిచిపోయిన పిల్లల చెవులు చానానే మెలేసిన మనిషి. తీరా చూస్తే, ఇంగ్లీషువాళ్ళు ఒకప్పుడు దాన్ని హాయిగా 'బి ఐ ఎస్ కె ఇ టి' అనే రాసుకున్నారట. తర్వాత ఫ్రెంచివాళ్ళను చూసి మార్చుకున్నారు. ఇంకా వెనక్కి, లాటిన్‌లోకి పోతే, అర్థం 'రెండుసార్లు వండింది'. మాస్టారు తన చెవి తానే ఒకసారి తడుముకున్నారు.

మర్నాడు నిఘంటువు చంకన పెట్టుకెళ్ళి కోటయ్యకు ఇదంతా చదివి వినిపించారు.

"ఆ పుస్తకం టీలో ముంచుకోను పనికొచ్చిద్దా మాస్టారూ?"

మాస్టారు పక్క కొట్లోంచి తెచ్చిన ప్యాకెట్ బిస్కెట్టొకటీ, నిన్నటి డబ్బాలోని హజ్రా బీ బిస్కెట్టొకటీ రెండు గ్లాసుల్లో ముంచి లెక్కపెట్టారు. నాలుగు దగ్గరే ప్యాకెట్‌ది అడుక్కి పోయింది. రెండోది పదిదాకా నిలబడింది.

గ్లాసు అడుగున ముద్దను చెంచాతో గీకుతూ, "సరేలే అక్కా, డబ్బా అక్కడ పెట్టు" అన్నాడు కోటయ్య, అప్పుడే వచ్చిన హజ్రా బీతో.

"అంతా బాగానే ఉందమ్మా, మరి నా పన్ను సంగతేమిటి?" అన్నారు మాస్టారు.

"అది కూడా రెండుసార్లు కాల్చింది పెట్టిచ్చుకోవాల్సింది మాస్టారూ!"