బీబీ ఎత్తిన చెయ్యి

పదమూడో ఏట షేక్ మీరావలి ఒక్క వరస కూడా వంకరపోకుండా ఆరడుగుల తివాచీ నేసి మగ్గం మీంచి దింపాడు. అంతకుముందు మూడుసార్లు వాళ్ల నాన్న కత్తెర పెట్టి ముడులన్నీ కోయించేశాడు. నాలుగోసారి తివాచీ చుట్టూ తిరిగి చూసి, కత్తెర పక్కన పెట్టి టీ తెప్పించాడు. పెదపాడు బడిలో ఐదో తరగతితో చదువు ఆగినవాడికి అంతకు మించిన పట్టా ఏముంటుంది!

తర్వాత ఏలూరులో ఆయన సాధించినవి ఒకటా, రెండా? మూతపడబోయిన నేతగాళ్ల సంఘాన్ని నిలబెట్టాడు. పన్నెండు కుటుంబాల్ని ఒక్క షెడ్డు కిందికి తెచ్చాడు. రెండుసార్లు సన్మానాలు, శాలువాలు. ఇప్పుడు డెబ్భై ఒకటి నిండినా రోజూ మగ్గం ముందు కూర్చుంటాడు. ఇవన్నీ వచ్చినవాళ్లకు వరసపెట్టి చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు.

ఈ నవంబరులో ఓ సాయంత్రం, గ్రూప్స్ పరీక్షకి చదువుతున్న మనవరాలు గుల్నాజ్ పుస్తకంలోంచి తలెత్తింది.

"తాతయ్యా, ఉపయోగితావాదం అంటే తెలుసా? ఏ పని చేస్తే ఎక్కువమందికి ఎక్కువ మేలో అదే మంచి పని అంట. రోడ్డు ఎటు వెయ్యాలో, మందు ముందు ఎవరికివ్వాలో ఇప్పటికీ ఇలాగే తేలుస్తారంట."

"ఓసి, దీనికి పుస్తకమెందుకే? నేను చేసి చూపించాగా!" అని మీరావలి, ఒకప్పుడు ఆ షెడ్డులోనే నేసిన బీబీ సంగతి ఎత్తుకున్నాడు.

పెద్ద తివాచీ ముందు నలుగురు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుంటారు. తివాచీ వెడల్పులో ఎవరి భాగం వారిది. నలుగురి ముడులూ పూర్తయితేగాని ఆ వరసని కిందికి కొట్టి బిగించి, పై వరస మొదలెట్టడానికి వీల్లేదు. ఒకరు వెనకబడితే మిగతా ముగ్గురూ చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందే. ఆరేళ్ల కిందట అలా వెనకబడింది బీబీ. కళ్లకు పొర కమ్మింది. చూస్తే ఓ పెద్ద హాలు తివాచీకి గడువు ముంచుకొస్తోంది.

"అందర్నీ పిలిచి అడిగానే. పదకొండు కుటుంబాల తిండి ముఖ్యమా, ఒక్క మనిషి చోటు ముఖ్యమా, చేతులెత్తండి అన్నా. బీబీ కూడా ఎత్తింది! తివాచీ రెండ్రోజుల ముందే పంపించాం."

గుల్నాజ్ పెన్ను మూసింది. "బీబీ మామ్మ చెయ్యెత్తకపోతే ఏమయ్యేది తాతయ్యా?"

"ఏమవుద్ది? పదకొండు, ఒకటి."

"ఎత్తినా ఎత్తకపోయినా ఒకటే అయితే, మరి అడగడమెందుకు?"

"ఇలా ఎదురు ప్రశ్నలేస్తే నీకు ఉద్యోగమిచ్చినట్టే!" అని నవ్వేశాడు.

మర్నాడు తెల్లారి నమాజు కాగానే, షెడ్డులో మర్చిపోయిన కళ్లజోడు కోసం వెళ్లాడు. ఆయన చోట్లో నవాజ్ కూర్చుని ఉన్నాడు. రోజూ ఆయన పక్కన నేసే మనిషే. నిన్న ఆయన వేసిన ముడుల్ని కత్తెరతో ఊడదీసి మళ్లీ వేస్తున్నాడు.

"ఏంట్రా అది?"

నవాజ్ ఉలిక్కిపడి లేచాడు. "ఏం లేదండీ మావయ్యా. రెండు ముడులు జారితేనండీ..."

కింద ఊడదీసిన ఉన్ని గుప్పెడుంది. "ఇది రెండు ముడులా? ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లండీ. మీ చెయ్యి వణకడం మొదలైందగ్గర్నుంచి. పొద్దున్నే వంతులేసుకుని వస్తున్నామండీ."

"నాకు చెప్పలేదేం?"

నవాజ్ తల గోక్కున్నాడు. "చెబితే చేతులెత్తమంటారనండీ."

మీరావలి బల్ల మీద కూలబడ్డాడు. ఒకరు ఓ గంట ముందొస్తే సరిపోయే పనికి ఆ రోజు ఆయన ఏకంగా మనిషినే తీసేశాడు. గంట ముందు వద్దామన్న ఊహే రాలేదు. లెక్క సులువుగా తేలింది, తీసేసేది తనను కాదు గనక. బీబీ అందరికంటే చివర్న చెయ్యెత్తింది. ఎత్తేముందు ఆయన మొహంలోకే చూసింది. ఆ చూపు మాత్రం గుల్నాజ్‌కి చెప్పలేదు. ఆరేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెల్లెలి పంచన చేరిన బీబీ తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుతోందని తెలుసు. ఆ ఊరు మూడుసార్లు వెళ్లినా, ఆ మార్కెట్ వీధి తప్పించి చుట్టూ తిరిగొచ్చాడు.

ఇంటికెళ్లి జరిగిందంతా చెప్పాడు. "ఫోన్ చేద్దామా తాతయ్యా?" అంది గుల్నాజ్.

"ఫోన్లో ఏమని ఏడవనే? ఎదురుగా వెళ్తే కనీసం తిడుతుంది."

"రానంటే?"

"రమ్మనడానికి కాదే ముందు. తప్పు చేశానని చెప్పాలి. ఆవిడ కళ్లు ఎలా ఉన్నాయో కూడా నాకు తెలీదు. వస్తానంటే ఆవిడ చోటు ఆవిడకుంది. రానంటే అదీ ఆవిడిష్టమే. ఈసారి ఎవర్నీ చేతులెత్తమనను."

శనివారం షెడ్డులో అందరి ముందూ ఆ మాటే చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఒక్కరి మొహంలోకీ చూడలేకపోయాడు. మొదటిరోజు తిట్టి పంపినా మర్నాడు మళ్లీ వెళ్లాలని, నాలుగు జతల బట్టలు సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం తాడేపల్లిగూడెం రైలెక్కాడు. తిరిగి వచ్చేది డిసెంబరు మూడో తేదీ, బుధవారమని గుల్నాజ్‌కి చెప్పాడు.