షమీమ్ చిన్నమ్మ చెప్పిన ఆఖరి వారం

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున సీరియల్ టైముకు వాడకట్టంతా మా ఇంట్లోనే ఉండేది. నకిరేకల్ దగ్గర మా ఊరు. సీరియలేమో హిందీ... మాలో ఎవరికీ ముక్క అర్థం కాదు. పక్కింటి షమీమ్ చిన్నమ్మే దిక్కు. టీవీ పక్కన పీట వేసుకుని, వాళ్లు ఒక మాటంటే తను నాలుగు కలిపి తెలుగులో చెప్పేది. విలన్‌కు తిట్లు అదనం.

ఆ ఏడాది సీరియల్‌లో ఒక తల్లి, ఇల్లు విడిచిపోయిన కొడుకు కోసం వెతుకుతుండేది. మా అవ్వకు, అంటే నాయనమ్మకు, అది కథ కాదు. బాపు తమ్ముడు, మా చిన్నాయిన, బాపుతో గొడవపడి బొంబాయి పోయి రెండేళ్లు... ఒక్క ఉత్తరం లేదు. టీవీలో కొడుకు దొరికితే తన కొడుకూ వస్తాడని అవ్వ గట్టిగా నమ్మింది. శనివారం నుంచే అన్నం సహించేది కాదు. కరెంటు పోతే ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగేది.

ఆఖరి వారం... ఆ తల్లి రైల్వే స్టేషన్‌లో కూర్చుంది. బండి వచ్చింది, పోయింది. స్టేషన్ మాస్టర్ వంగి ఏదో చెప్పాడు. అవ్వ చిన్నమ్మ వైపు చూసింది.

"కొడుకు రేపటి బండికి వస్తాండట అవ్వా," అంది చిన్నమ్మ.

నాకప్పుడే బడిలో హిందీ మొదలైంది. ఆయన అన్నది అది కాదు... కొడుకు ఇక రాడన్నాడు. నేను నోరు తెరవబోతే చిన్నమ్మ నా తొడ గిచ్చింది. పేర్లు పడ్డాయి. అందరూ లేచి వెళ్లిపోయారు.

చిన్నమ్మ చెప్పులు తొడుక్కుంటుంటే అవ్వ వెళ్లి ఆమె కొంగు పట్టుకుంది.

"గా తల్లి ముఖం నాకు గూడ కనవడ్డది బిడ్డా."

చిన్నమ్మ తల దించుకుంది.

"అయినా... ఇంకొక్కసారి చెప్పు. వస్తాండని."

చెప్పింది. అవ్వ కొంగు వదల్లేదు. మళ్లీ చెప్పింది... ఇద్దరూ ఏడుస్తున్నారు. నేను గుమ్మంలోనే నిలబడి చూశాను.

చిన్నాయిన రాలేదు. అవ్వ పోయేదాకా రాలేదు.

ఇప్పుడు సీరియళ్లన్నీ తెలుగులోనే. అత్త పాలలో విషం కలపడానికి ఒక నెల, కోడలు ఆ గ్లాసు ఎత్తడానికి ఇంకో నెల... తిట్టుకుంటూనే చూస్తాను. ఒక్కదాన్నే చూస్తాను. ప్రతి మాటా అర్థమవుతుంది, ఏ మాటా మనసుకు పట్టదు.

మీ ఇంట్లో టీవీ పక్కన కూర్చుని కథ చెప్పిన మనిషి ఎవరు? ఉంటే ఇవాళే ఒకసారి పలకరించండి... చిన్నమ్మ పోయాక నాకు ఆ భాగ్యం లేదు.