మా నాయన పక్కకు అందించిన పళ్ళెం

క్షమించడం గురించి నాకు బోధ చేయాలనుకునేవాళ్ళు ముందు మా నాయన ఆటో గురించి వినాలి. విన్నాక కూడా చేయాలనిపిస్తే చేయొచ్చు, నేనేమీ చెవులు మూసుకోను. మధ్యలో మాత్రం లేచిపోకూడదు.

మా నాయన తిరుపతి రైల్వే స్టేషన్ ముందర ఆటో నడిపేవాడు. రైలు దిగిన యాత్రికులను అలిపిరిలో దించడం ఆయన పని. పొద్దున బండి తీసే ముందు హ్యాండిల్ మీద తల ఆనించి ప్రార్థన చేసుకునేవాడు. అంతసేపూ వెనక బండివాళ్ళు హారన్ కొట్టేవాళ్ళు కాదు. "ఉండప్పా, ఆయన వాళ్ళ సామితో మాట్లాడతాండాడు" అని పాతవాళ్ళు కొత్త డ్రైవర్లకు చెప్పేవాళ్ళు. అలిపిరిలో ముసలివాళ్ళు దిగితే వాళ్ళ మూట తనే మెట్ల దాకా మోసి, "పైలంగా ఎక్కి రాండి" అని చెప్పి వచ్చేవాడు. ఎవరికి మొక్కేవాళ్ళవైనా మోకాళ్ళు మోకాళ్ళే గదా అనేవాడు. ఆదివారం ఎంత గిరాకీ ఉన్నా బండి తీసేవాడు కాదు. తెల్లచొక్కా తొడుక్కుని మమ్మల్నందరినీ వెంటేసుకుని ఏసుప్రభువు గుడికి బయలుదేరేవాడు. ఆయన భక్తిలో భయం ఉండేది కాదు, దబాయింపూ ఉండేది కాదు.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభురాత్రి భోజనం, ఉంటుంది. రొట్టె ముక్కలు పెట్టిన పళ్ళెం, ద్రాక్షరసం గిన్నె వరుసల్లో చేతి నుంచి చేతికి పోతాయి. తప్పు చేసినవాళ్ళను బల్ల నుంచి ఆపుతారు. ఆపితే బయటికి పంపేయరు, అదే ఇందులో ఉన్న కిరాతకం. వాళ్ళూ వరుసలోనే కూర్చోవాలి. పళ్ళెం వాళ్ళ చేతికి వస్తుంది, అందులోది ముట్టకుండా పక్కవాళ్ళకు అందించాలి. మళ్ళీ చేర్చుకోవాలంటే అందరిముందూ లేచి నిలబడి తప్పు ఒప్పుకోవాలి, సంఘమంతా ఒక్క గొంతుతో "క్షమించినాము" అనాలి. ఈ పద్ధతి పెట్టింది మా సంఘపెద్ద. గుడికి స్థలం ఇచ్చిన మనిషి. పాస్టర్లు వచ్చారు, పోయారు. ఆయన మాత్రం ముందు వరుసలో కుర్చీ వేసుకుని అట్లాగే ఉన్నాడు.

నేను పదో తరగతిలో ఉండగా స్టాండువాళ్ళు ఆయుధపూజ ఘనంగా చేశారు. అరటిపిలకలు కట్టి, ఆటోలన్నీ కడిగి, పూలదండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఏటా ఆ రోజు నాయన బండి ఇంటి దగ్గరే పెట్టేసేవాడు. ఆ ఏడు మాత్రం స్టాండుకు కొత్తగా రేకుల పందిరి వేశారని, అందరూ రమ్మన్నారని పోయాడు. బండి ఆపి టీ తాగి వచ్చేసరికి ఆయన ఆటోకూ కుంకుమ బొట్లు, బంతిపూల దండ వచ్చి చేరాయి. చేసింది ఆయన జతగాడే, నేను మామా అని పిలిచే మనిషి. "బండ్లన్నీ ముస్తాబై ఉంటే నీదొకటి మొగం కడుక్కోకుండా నిలబడితే బాగుంటాదా అప్పా" అన్నాడట. నాయన నవ్వి ఊరుకున్నాడు. స్వీటు పెడితే తిన్నాడు.

సరిగ్గా అప్పుడే చిత్తూరు నుంచి వచ్చిన రైలు దిగి మా సంఘపెద్ద బయటికి వచ్చాడు. నాయన ఎదురుపోయి సంచీ అందుకుని, "రాండయ్యా, ఇంటికాడ దించుతా" అన్నాడు. పెద్దాయన దండను చూశాడు, బొట్లను చూశాడు, సంచీ వెనక్కి లాక్కున్నాడు. ఎండలో నడుచుకుంటూ పోయాడు.

సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. అమ్మ కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఆ బొట్లు నువ్వు పెట్టుకున్నావా, వాళ్ళు పెట్టినారా?" అని అడిగాడు.

"వాళ్ళు పెట్టినారయ్యా."

"అట్లయితే రేపు స్టాండుకు పో. వాళ్ళందరి ముందరా ఆ బొట్లు తుడిసేసి, దండ తెంపి పారెయ్యి. ఇది మాకు పనికిరాదని చెప్పు. చెప్పి వచ్చి సంఘంలో ఒప్పుకో. అంతటితో అయిపోతాది."

నాయన మెల్లగా అన్నాడు. "దండ రెండు దినాలకు దానంతట అదే వాడిపోతాదయ్యా. వాళ్ళు ప్రేమగా పెట్టింది వాళ్ళ ముందర తెంపి పారేస్తే, ఇంక నేను యా మొగం పెట్టుకుని వాళ్ళకు మన దేవుని గురించి చెప్పేది? నా దేవుడు కుంకం బొట్టుకు పారిపోయే దేవుడు కాదు."

నేను వంటింటి గడప దగ్గర నిలబడి విన్నాను. ఆ మాట వినగానే నాకు గర్వంతో ఒళ్ళు పులకరించింది. పెద్దాయన ముఖం మాత్రం మాడిపోయింది. ఆయనకు ఎదురుచెప్పిన మనిషి అంతకుముందు లేడు.

మరుసటి నెల మొదటి ఆదివారం నాయనను బల్ల నుంచి ఆపారు.

ఆయన సంఘం మారలేదు. తిరుపతిలో వేరే గుడులు లేవా? ఉన్నాయి, రమ్మని పిలిచారు కూడా. పోలేదు. మొగవాళ్ళ వైపు చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆడవాళ్ళ వైపు నుంచి నాకు ఆయన చేతులే కనిపించేవి. పళ్ళెం వచ్చేది. రెండు చేతులతో అందుకునేవాడు, ఒక క్షణం పట్టుకునేవాడు, పక్కకు అందించేవాడు. నేను డిగ్రీ చదివాను, బీఎడ్ చేశాను, గవర్నమెంటు బడిలో లెక్కల టీచరునయ్యాను, నాకు పెళ్ళయింది, బిడ్డలు పుట్టారు. ప్రతి నెలా ఆ చేతులు అదే పని చేస్తూ ఉన్నాయి. "ఒక్క మాట తప్పైందని చెప్పేస్తే పోతాది గదా నాయనా" అని నేనే ఒకసారి అన్నాను. "ప్రేమను తప్పనేదెట్ల పాపా" అన్నాడు.

గుండెనొప్పితో పోయాడు. సమాధుల తోటకు స్టాండువాళ్ళందరూ ఆటోలు వేసుకుని వచ్చారు. జతగాడు మామ పెట్టెకు భుజం పట్టాడు. మట్టి వేసే ముందు మా సంఘపెద్ద ప్రార్థన చేశాడు. పొడుగాటి ప్రార్థన. అందులో అందరూ వినేట్టుగా, బలహీనుడైన మా సహోదరుణ్ణి కనికరించు ప్రభువా అన్నాడు.

బలహీనుడట. ఆ మాట నా ఒంట్లో ముల్లులా దిగబడింది. ఏ గుడిలో మా నాయన తలదించుకుని కూర్చున్నాడో ఆ గుడిలోనే, ఏ నోటితో ఆయన్ను బలహీనుడన్నారో ఆ నోటితోనే, ఆయన తప్పు చేయలేదని చెప్పించాలి. సమాధి దగ్గర నిలబడి అనుకున్నాను. అదే నా మొక్కుబడి అయింది. పగ అంటారా, అనుకోండి. నాకు ఆ మాట అంటే సిగ్గులేదు. ఆ తర్వాత నేను ఆడవాళ్ళ కూడికలు నడిపాను, ఆదివారం బడిలో పిల్లలకు చెప్పాను, జబ్బుపడ్డవాళ్ళ ఇండ్లకు పోయి ప్రార్థన చేశాను. మనస్ఫూర్తిగానే చేశాను. ఆ పగనూ అంతే మనస్ఫూర్తిగా పెంచుకున్నాను. రెండూ ఒకే పొయ్యి మీద ఉడికాయి.

నేను పనిచేసే బడి పూతలపట్టు దగ్గర. పోయిన దసరా సెలవుల తర్వాత ఒక సాయంత్రం బస్సు కోసం కూడలిలో నిలబడి ఉన్నాను. టీకొట్టు ముందర ఒక తెల్లకారు ఆగి ఉంది. ముందు భాగంలో దారానికి గుచ్చిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. బానెట్ మీద పసుపూ కుంకుమ ఇంకా పూర్తిగా చెరగలేదు. వెనక సీట్లో, అద్దం దించుకుని, గ్లాసులో టీ ఊదుకుంటూ మా సంఘపెద్ద కూర్చుని ఉన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. దేవుడు నన్ను మరిచిపోలేదనిపించింది. దగ్గరికి పోయి, "బాగుండారా అయ్యా" అని పలకరించాను. "బాగుండా మా. ఇది మా పిల్లోడు కొనిచ్చినాడు" అన్నాడు కారు తట్టి. చాలా బాగుందని చెప్పాను. కారును అన్ని వైపుల నుంచీ చూసి మరీ చెప్పాను. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను.

బల్లకు ముందు సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఆ మొదటి ఆదివారం నేను లేచాను. నా సాక్ష్యాలంటే సంఘానికి ఇష్టం, అందరూ సర్దుకుని కూర్చున్నారు. పూతలపట్టు కూడలిలో నేను చూసిన కారు గురించి చెప్పాను. నిమ్మకాయ గురించి చెప్పాను, పసుపు గురించి చెప్పాను. కారు ఎవరిదో చెప్పలేదు. అవసరం లేకపోయింది, తలలన్నీ ముందు వరుస వైపు తిరిగాయి.

"అది డ్రైవరు కట్టినాడు మా" అన్నాడు పెద్దాయన కుర్చీలోంచే. "నాకు దాంతో ఏం పని?"

"మా నాయన బండికి కూడా ఆయన కట్టుకోలేదు గదయ్యా" అన్నాను.

అంతే అన్నాను. అంతకంటే గట్టి మాటలు సంవత్సరాల తరబడి తయారుచేసి పెట్టుకున్నాను, ఒక్కటీ అవసరం రాలేదు. పాస్టరుగారు కుర్రవాడు, కొత్తగా వచ్చాడు, ఏమీ తెలియక బిత్తరచూపులు చూశాడు. పాతవాళ్ళు నేలచూపులు చూశారు. పళ్ళెం బయలుదేరింది. మొదట అందేది పెద్దాయనకే. రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎవరూ ఆపకుండానే, ముట్టకుండా పక్కకు అందించాడు.

నేను కళ్ళార్పకుండా చూశాను. నా కడుపు చల్లబడింది. దాచను, అంత హాయి నాకు నా బిడ్డలు పుట్టినప్పుడు కలిగింది, మళ్ళీ ఆ రోజు కలిగింది. మరుసటి నెల కూడా ఆయన అందించాడు. నేను కూడా చూశాను.

ఆ తర్వాతి నెల ఆయన లేచి నిలబడ్డాడు. కుర్చీ వీపు పట్టుకుని, సంఘం వైపు తిరిగాడు. తను పెట్టిన పద్ధతి ప్రకారమే.

"నిమ్మకాయ తప్పు కాదు" అన్నాడు. "ఆ ఆటోకు దండ ఏసింది కూడా తప్పు కాదు. ఆ సహోదరునిలో తప్పు లేదు. ఆ సంగతి నాకు ఆ పొద్దే తెలుసు. ఆయన ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పినాడు, అందుకు ఆపినా. ఆయన బలహీనుడు కాదు. బలహీనుడు నేను. సంఘం నన్ను క్షమించల్ల."

నేను కోరుకున్నది అక్షరం పొల్లుపోకుండా దొరికింది. ఆ గుడిలోనే, ఆ నోటితోనే. కానీ అందులో నేను అడగని మాట ఒకటి వచ్చి కలిసింది. ఆ పొద్దే తెలుసట. తెలిసీ అన్నేళ్ళు మా నాయన చేతికి పళ్ళెం పంపించాడు. ఆయన తెలియక చేశాడని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను, మూర్ఖుడనే తిట్టుకున్నాను. చల్లబడిన కడుపు మళ్ళీ భగ్గుమంది.

పాస్టరుగారు చెయ్యెత్తారు. సంఘమంతా ఒక్క గొంతుతో "క్షమించినాము" అంది. మా అమ్మ కూడా అంది, నా పక్కనే, గట్టిగా. నేను నోరు తెరవలేదు.

పళ్ళెం కదిలింది. పెద్దాయన ఒక ముక్క తీసుకున్నాడు. వరుసలు దాటుకుంటూ అది ఆడవాళ్ళ వైపు వచ్చింది, నా చేతిలోకి వచ్చింది. మనసులో పగ పెట్టుకుని ఈ రొట్టె ముట్టకూడదని నాకు చిన్నప్పుడు నేర్పింది మా నాయన. నాకు భక్తి ఉంది గనకే ఆ మాటతో ఆటలాడలేను. పెదవులతో ఒకటి చెప్పి, లోపల ఒకటి పెట్టుకుని నోరు తెరవలేను. ఒక క్షణం పట్టుకున్నాను. పక్కనున్న అమ్మకు అందించాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. తన ముక్క తీసుకుంది.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో అడిగింది. "మీ నాయన్ను ఆయప్ప ఆపినాడు. నిన్ను ఎవురు ఆపినారు మే?"

నెలనెలా మొదటి ఆదివారం వస్తోంది, ముందు వరుసలో ఆ ముసలాయన రొట్టె తీసుకుంటున్నాడు. నేను పళ్ళెం పక్కకు అందిస్తున్నాను.