మా బావ తడిపిన నేల

మా బావది ఉడుంపట్టు. పునాది కోసం నేలలోకి దింపే కాంక్రీటు పైల్స్ ఎంత బరువు మోస్తాయో పరీక్షించడం ఆయన పని. పైల్ నెత్తిన జాకీ పెట్టి నొక్కితే, అది ఎంత దిగిందో గేజీ సూది చెబుతుంది. పక్కన కూర్చుని అంకెలు రాసేది నేను.

ఆ ఎండాకాలం ప్రసూతి ఆసుపత్రి సైటులో ఇంజనీరు ఒక పైల్‌ని మూడు మీటర్లు పొట్టిగా వేయించాడు. అది నెగ్గితే మిగతావన్నీ పొట్టివే, పని నెల ముందే అయిపోతుంది. పన్నెండు మిల్లీమీటర్ల దాకా దిగినా పాసే. సూది మూడు దగ్గరే ఆగింది. ఇంజనీరు మొహం వెలిగిపోయింది. బావ మాత్రం సంతకం పెట్టనన్నాడు.

"ఇది బంకమట్టి సార్. ఎండి బిగుసుకుపోయి పైల్‌ని పట్టుకుంది. వానలకి తడిస్తే పట్టు వదిలేస్తుంది. తడిపి మళ్లీ చూద్దాం."

"మళ్లీ మొదలెట్టావా నీ చాదస్తం! సరే, మూడు వారాలు తడుపుకో. అప్పుడూ దిగకపోతే నీకు ఇక్కడ పని లేదు."

పైల్ చుట్టూ సన్నటి బోరులు వేసి, ఇసుక నింపి, రెండు పూటలా నీళ్లు పెట్టాం. "మేస్త్రీ, పైల్ చిగురేసిందా?" అని అడ్డమైనవాళ్లంతా జోకులే. నాకు ఒళ్లు మండేది. ఇంటికెళితే మా అక్క గొడవ.

"నువ్వైనా ఆపకూడదట్రా మీ బావని?"

"ఆపితే ఆగే మనిషేనా అక్కా?"

మళ్లీ పరీక్ష పెట్టాం. సగం బరువుకి సూది రెండు కూడా దాటలేదు. ఇక బావ పని పోయినట్టే అనుకున్నాను. ముప్పావు బరువుకి వచ్చేసరికి జాకీ ఒత్తిడి నిలవడం మానేసింది. ఎంత పంపు కొట్టినా పైల్ దిగిపోతూనే ఉంది. పద్నాలుగు, పంతొమ్మిది, ఇరవై ఆరు.

ఇంజనీరు వంగి గేజీలో అంకె తనే చదువుకున్నాడు. "ముందనుకున్న పొడవే వేద్దాం," అన్నాడు చివరికి. "వాటినీ తడిపే పరీక్షించు."

అక్కకి ఫోన్ చేశాను. "దిగిందట్రా?" అంది. దిగిందనగానే "హమ్మయ్య!" అని ఏడ్చేసింది.

బావ ఆ బురదలోనే చతికిలబడ్డాడు. "ఇప్పుడే దిగింది, నయం. పైన బాలింతల్ని పడుకోబెట్టాక దిగుంటే ఏం చేసేవాళ్లంరా?" అన్నాడు.

నేనైతే మొదటి రోజే సంతకం పెట్టేసేవాణ్ణి. ఆ మాట బావకి ఇంతవరకూ చెప్పలేదు.